పాత బాకా మైకును ఇంటిలో వినుట ఎట్లు?

పొలములో దూరముననున్న మనిషిని పిలువవలసి వచ్చినప్పుడు రైతు రెండు అరచేతులను నోటికి ఇరుప్రక్కల దొన్నెవలె ఉంచి కేక వేయును. గొంతు బలము పెరుగలేదు, ఊపిరియు అదియే. అయినను ఆ కేక గట్లు దాటి వినబడును. జాతరలో కొమ్ము ఊదువాడును, పెండ్లిలో నాదస్వరము వాయించువాడును ఉపయోగించుకొనునది ఈ సూత్రమునే. సన్నని మొదలు, క్రమముగా వెడల్పగు గొట్టము, విశాలమైన నోరు: ఈ మూడును చేరి చిన్న కదలికను పెద్ద శబ్దముగా మార్చును. గుడిమీదను, పంచాయతీ కచేరీమీదను మనము చూచు బాకా లౌడ్‌స్పీకరు ఈ కుటుంబమునకు చెందినదే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములలో ఒకప్పుడు పెండ్లికిని, తిరునాళ్ళకును, నాటకమునకును, ఎన్నికల సభకును మైకుసెట్టు లేనిదే పని జరిగెడిది కాదు. మన పల్లెల వాడుకలో ‘మైకు’ అనగా ఎదుట నిలబడి మాట్లాడు పరికరము కాదు, చెట్టుకొమ్మకు కట్టిన బాకాయే. తరువాతి కాలమున పెద్ద పెట్టె లౌడ్‌స్పీకర్లు వచ్చుటతో పాత బాకాలు పెక్కు అటకలెక్కినవి, లేదా పాత ఇనుము క్రింద తూకమునకు పోయినవి. పాత పాటలయందు ప్రీతిగలవారు కొందరు వానిని ఇంటికి తెచ్చి రేడియోకో, గ్రామఫోనుకో కలిపి వినగోరుచున్నారు. అట్లు కలిపినవారు సాధారణముగా చెప్పు మాట ఒక్కటే: ‘చెవులు చిల్లులు పడుచున్నవి.’

ఇది బాకా దోషము కాదు. ఊరంతటికి వినిపించుటకు పుట్టిన పరికరమును పదిహేనడుగుల గదిలో అదే తీరున వాడుట దోషము. బాకాకు తక్కువ విద్యుత్తును ఇచ్చి, దానికి చేతగాని పనిని దానికి అప్పగింపక, గది గోడలను కొంత మెత్తపరచినచో అది ఎంతటి స్పష్టమైన ధ్వనిని ఈయగలదో ఈ పాఠమున తెలిసికొందము.

బాకా పుట్టుపూర్వోత్తరములు

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును, బెర్లినర్ 1887లో పలక రికార్డుల గ్రామఫోనును కనిపెట్టినప్పుడు విద్యుత్తుతో శబ్దమును పెంచు సాధనములు లేవు. రికార్డు గీతలోని సూదికదలికను గదినిండ వినిపించిన భారమంతయు బాకాదే. 1915లో అమెరికాలో జెన్సెన్, ప్రిధమ్ అను ఇంజనీర్లు అయస్కాంతములో కదలు తీగచుట్టను బాకాకు జోడించి జనసమూహమునకు ప్రసంగములను వినిపించిరి. 1925లో రైస్, కెలాగ్ అనువారు కాగితపు శంకువుతో పనిచేయు లౌడ్‌స్పీకరును ప్రకటించిరి. నేడు ఇండ్లలోనున్న పెట్టె లౌడ్‌స్పీకర్లకు మూలము అదియే.

అయినను టాకీలు వచ్చిన కాలమున సినిమాహాళ్ళు బాకానే ఆశ్రయించినవి. తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడిన నాటికి వాల్వు ఆంప్లిఫయర్లు ఈయగలిగినది కొద్ది వాట్లు మాత్రమే. ఆ కొద్దితోనే వందలమంది కూర్చున్న హాలును నింపగలుగుట బాకా వలననే సాధ్యమైనది. మన దేశమున అహూజా, ఫిలిప్స్ వంటి సంస్థల బాకాలు గ్రామసభలకు, పంచాయతీ రేడియోలకు ఈ గుణముచేతనే ఉపకరించినవి.

బాకా పనిచేయు విధము

బాకా వెనుకనున్న గుండ్రని డబ్బాను మైకు దుకాణములవారు ‘యూనిట్టు’ అందురు. దానిలో అయస్కాంతము, తీగచుట్ట, అరచేతిలో ఇముడు పలుచని పొర ఉండును. పొర కదలినప్పుడు ఎదుటనున్న గాలి కదలవలెను. కాని గాలి మిక్కిలి తేలికయైనది. బరువులేని తలుపును తోసినట్లు పొర ఊరక ఊగిపోవునే గాని, తన బలమును గాలికి చక్కగా అందింపలేదు. బాకా సన్నని కంఠము ఆ గాలిని బిగించి పొరకు తగిన బరువును కల్పించును. పిమ్మట గొట్టము మెల్లమెల్లగా వెడల్పగుచు ఆ ఒత్తిడిని బయటి గాలికి అప్పగించును.

దీని ఫలితము గొప్పది. సాధారణమైన పెట్టె లౌడ్‌స్పీకరు తనకిచ్చిన విద్యుత్తులో సుమారు నూరవ వంతును మాత్రమే శబ్దముగా మార్చును. మంచి బాకా నూటికి 10 నుండి 30 వంతుల వరకు మార్చగలదు. 1 వాట్టు ఇచ్చి 1 మీటరు దూరమున కొలిచినచో పెట్టె లౌడ్‌స్పీకరు 88 డెసిబెళ్ళు పలుకగా, బాకా 108 డెసిబెళ్ళు పలుకును. 20 డెసిబెళ్ళ భేదమనగా విద్యుత్తులో నూరు రెట్ల భేదము.

దీనికి ప్రతిగా బాకాకు ఒక హద్దు గలదు. బాకా నోటి చుట్టుకొలత శబ్దతరంగము పొడవుతో సుమారుగా సమానమైనంతవరకే అది చక్కగా పనిచేయును. శబ్దము సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. నోటి వెడల్పు 50 సెంటీమీటర్లయినచో చుట్టుకొలత 1.57 మీటర్లు. 345ను 1.57చే భాగించిన సుమారు 220 వచ్చును. కనుక సెకనుకు 220 కంపనములకు దిగువనున్న మంద్రస్వరములను ఆ బాకా పలుకలేదు. 50 కంపనముల మంద్రస్వరము పలుకవలెనన్నచో నోరు 7 అడుగులకు పైగా వెడల్పుండవలెను. 1940లలో అమెరికా ఇంజనీరు పాల్ క్లిప్ష్ ఈ చిక్కును తప్పించుటకు ఇంటి మూలగోడలే బాకాకు కొనసాగింపగునట్లు పెద్ద చెక్క బాకాను నిర్మించెను. మన గ్రామపు బాకాకు అట్టి సౌకర్యము లేదు. దాని పని మధ్యస్వరములు, అనగా మాట, పాట, పద్యము.

ముందుగా చేయవలసిన పరీక్ష

బాకా గుడిదో, పంచాయతీదో అయినచో పెద్దల అనుమతి లేక దింపరాదు. దింపునప్పుడు కరెంటు తీగలు దగ్గర లేకుండ చూచుకొనవలెను.

మొదట యూనిట్టును మరలు త్రిప్పి బాకానుండి విడదీసి గొట్టములోనికి చూడవలెను. ఏండ్ల తరబడి వెలుపలనున్న బాకాలలో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టును, సాలెపురుగులు చేరును. గొట్టమును బాగుగ శుభ్రపరచి ఆరబెట్టవలెను. యూనిట్టు నోటిలోనికి దుమ్ము పోరాదు గనుక ఆ సమయమున దానిని గుడ్డతో మూసియుంచవలెను. యూనిట్టుకును బాకాకును నడుమనుండు రబ్బరు వాషరు ఎండి పగిలినచో క్రొత్తది వేయవలెను. అచ్చట గాలి కారినచో గొంతు బొంగురుపోవును. అయస్కాంతమును మాత్రము విప్పరాదు. పాతరకపు అయస్కాంతములు విప్పినను, క్రింద పడినను బలము కోల్పోవును.

ఓము మీటరుతో తీగచుట్టను కొలిచినచో 16 ఓముల యూనిట్టు 12 లేక 13, 8 ఓముల యూనిట్టు 6 లేక 7 చూపుట సహజము. మీటరు లేనిచో 1.5 వోల్టుల టార్చి సెల్లును క్షణకాలము తాకించినచో ‘టక్కు’మను చప్పుడు రావలెను. చప్పుడు రానిచో తీగ తెగినదని అర్థము. గరగర వినబడినచో పొర తప్పుకొన్నదో, దుమ్ము చేరినదో అని తెలియవలెను.

కొన్ని బాకాలలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు అమర్చబడియుండును. ఊరిలో చాల దూరము తీగలు లాగి 100 వోల్టుల లైనుపై పనిచేయుటకు అది అవసరము. ఇంటిలో తీగ పది పదిహేను అడుగులే గనుక దానితో పనిలేదు. దానిని తప్పించి తీగచుట్టకే నేరుగా కలిపినచో ధ్వని మెరుగగును.

విద్యుత్తును తగ్గించుట

ఇదియే ఈ పాఠమునకు ప్రాణము. 1 వాట్టుకు 1 మీటరు వద్ద 108 డెసిబెళ్ళు పలుకు బాకా 3 మీటర్ల దూరమున సుమారు 98 డెసిబెళ్ళు పలుకును. అది యంత్రశాలలోని రొదకు సమానము. వాట్టులో నూరవ వంతు ఇచ్చినను 3 మీటర్ల వద్ద 78 డెసిబెళ్ళు వచ్చును. ఒక ఇంటికి ఇది చాలును, ఒక్కొక్కప్పుడు ఎక్కువ.

ఆంప్లిఫయరు ధ్వనిని మీట త్రిప్పి తగ్గించినంతమాత్రాన చాలదు. ప్రతి ఆంప్లిఫయరులోను పాట లేనప్పుడు సన్నని ‘హిస్సు’మను రొద యుండును. పెట్టె లౌడ్‌స్పీకరులో అది వినబడదు, బాకా దానిని కూడ నూరు రెట్లుచేసి వినిపించును. మీట త్రిప్పినను ఆ రొద తగ్గదు. దానిని తగ్గించుటకు ఆంప్లిఫయరుకును బాకాకును నడుమ రెండు రెసిస్టర్లు ఉంచవలెను. 16 ఓముల బాకాకు వరుసలో 15 ఓములు, బాకాకు అడ్డముగా 1.8 ఓములు చాలును. రెండును 10 వాట్ల శక్తిగలవై యుండవలెను. అప్పుడు 20 డెసిబెళ్ళు తగ్గి, బాకాకు ఆంప్లిఫయరు శక్తిలో నూరవ వంతు మాత్రమే చేరును. 10 వాట్ల ఆంప్లిఫయరును పిల్లలు తెలియక పూర్తిగా త్రిప్పినను బాకాకు చేరునది వాట్టులో పదవ వంతే. యూనిట్టును, చెవియును రెండును రక్షింపబడును.

పాత వాల్వు ఆంప్లిఫయరు వాడువారు రెండు విషయములు మరువరాదు. లౌడ్‌స్పీకరు గాని, దానికి బదులు తగిన రెసిస్టరు గాని కలుపక దానిని నడుపరాదు. అట్లు నడిపినచో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. రెండవది, దాని లోపల 300 నుండి 400 వోల్టుల వరకు ఉండును, స్విచ్చి ఆపిన తరువాత కూడ కండెన్సర్లలో కొంతకాలము నిలిచియుండును. ఆ పని తెలిసిన మెకానిక్కు తప్ప ఇతరులు మూత తెరువరాదు. ఇది ప్రాణమునకు సంబంధించిన విషయము.

మంద్రస్వరములను ఆపుట

బాకా పలుకలేని మంద్రస్వరములను దానికి పంపినచో శబ్దము రాకపోగా పొర అదుపు లేక ఊగును. పైస్వరములు కూడ వణకును, కాలక్రమమున పొర చిరుగును. కనుక 250 కంపనములకు దిగువనున్న దానిని ఆపుటకు ఒక కండెన్సరు చాలును. 16 ఓములకు 40 మైక్రోఫారడులు, 8 ఓములకు 80 మైక్రోఫారడులు. దీనిని పైన చెప్పిన రెసిస్టర్లకు ముందు వరుసలో కలుపవలెను. ప్లస్సు, మైనస్సు గుర్తులు లేని రకమునే కొనవలెను. ఆంప్లిఫయరులో ‘బాస్’ మీటను పెంచి బాకానుండి మృదంగమును రాబట్టుటకు ప్రయత్నించుట వ్యర్థము.

మృదంగము, డోలు నిండుగా వినగోరువారు 10 లేక 12 అంగుళముల సాధారణ లౌడ్‌స్పీకరును మూసిన చెక్కపెట్టెలో బిగించి బాకా ప్రక్కన ఉంచవలెను. 8 ఓముల లౌడ్‌స్పీకరుకు వరుసలో 5 మిల్లీహెన్రీల తీగకాయిలు కలిపినచో అది మంద్రస్వరములకే పరిమితమగును. అది 88 డెసిబెళ్ళది అయినచో, 20 డెసిబెళ్ళు తగ్గించిన 108 డెసిబెళ్ళ బాకాతో సరిగా తులతూగును. పిమ్మట ఒక మగగొంతు పాటను పెట్టి, బాకా తీగలను ఒకసారి అటు, ఒకసారి ఇటు మార్చి కలిపి వినవలెను. ఏ అమరికలో గొంతు నిండుగా వినబడునో అదియే సరియైనది.

లోహపు మ్రోతను అణచుట

బాకా రేకును వ్రేలిగోటితో కొట్టి చూడవలెను. గంటవలె మ్రోగినచో ప్రతి పాటలోను ఆ గంట కలియుచున్నదన్నమాట. మైదానములో దీనిని ఎవరును గమనింపరు, గదిలో చెవికి కొట్టవచ్చును. రేకు వెలుపలి వైపున పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కత్తిరించి బిగువుగా చుట్టినను, మందపాటి గుడ్డను జిగురుతో అంటించినను మ్రోత అణగును. మరల కొట్టినప్పుడు కుండమీద తట్టినట్లు పొడిగా ధ్వనింపవలెను. లోపలి వైపున మాత్రము ఏమియు పూయరాదు, అంటింపరాదు. శబ్దము నడచు దారి నునుపుగా ఉండవలెను.

బండల ఇంటిలో బాకాకు చోటు

శబ్దము గోడకు తగిలి వెనుకకు వచ్చునను సంగతి గండికోట చూచినవారికి అనుభవమే. జమ్మలమడుగు చేరువ పెన్నా నది కొండను కోసిన ఆ లోయ అంచున నిలిచి చప్పట్లు కొట్టినచో ప్రతిధ్వని వేరుగా వినవచ్చును. శబ్దము తగులు గోడ 17 మీటర్లకు పైగా దూరమున్నప్పుడే అది వేరుగా తోచును. గదిలో గోడ పది పన్నెండడుగుల లోపలనే యుండును గనుక తిరిగివచ్చిన శబ్దము అసలు శబ్దముతో కలిసిపోయి మాటను మసకపరచును, పైస్వరములను కరకుగా చేయును.

మన ప్రాంతపు ఇండ్లకు ఈ చిక్కు అధికము. కడప బండలు పరచిన నేల, రాతిగోడ, పైన మిద్దె: ఇవి వేసవిలో చల్లదనమునిచ్చును గాని శబ్దమును పీల్చుకొనవు. బాకా ఇట్టి గదిలో గీపెట్టుట సహజము. దీనికి ఖరీదైన సామగ్రి అవసరము లేదు. బాకాకును వినువారికిని నడుమ నేలపై గొర్రెబొచ్చు కంబళి పరచవలెను. వినువారి వెనుక గోడకు మందమైన చేనేత దుప్పటిని గోడకు జానెడు ఎడముగా వ్రేలాడదీయవలెను. దూదిపరుపును గోడకు నిలబెట్టినను, ఒక మూల ధాన్యపు బస్తాలున్నను మేలే. ముందుగా చప్పట్లు కొట్టి విని, పిమ్మట ఇవి అమర్చి మరల కొట్టినచో భేదము వెంటనే తెలియును.

బాకా పైస్వరములను టార్చి వెలుగువలె ఎదుటికే సూటిగా విసరును. కనుక దానిని గది పొడవునకు ఎదురుగా, కూర్చున్నవారి చెవి ఎత్తున, కనీసము 3 మీటర్ల దూరమున ఉంచవలెను. నోరు సూటిగా ముఖమునకు గాక కొంచెము ప్రక్కకు త్రిప్పినచో కరకుదనము తగ్గును. ఎంత త్రిప్పవలెననునది పాట వినుచు తేల్చుకొనవలసినదే. ఎండ తగులు కిటికీ వద్ద ఉంచరాదు. వాడనప్పుడు నోటికి గుడ్డ కట్టవలెను.

ఏమి వినవలెను?

చాల బాకాలు 5, 6 వేల కంపనములు దాటిన తరువాత క్షీణించును. అందుచే నేటి కంప్యూటరు సంగీతము దీనిలో శోభింపదు. 78 చుట్ల రికార్డులు, మీడియంవేవ్ రేడియో ప్రసారములు, పాత నాటక పద్యములు ఇంచుమించు ఇదే పరిధిలో ఇమిడియుండును. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో మొదలైన సురభి నాటకసమాజపు నటులు మైకులు లేని రోజులలో చివరి వరుసవానికి వినబడునట్లు గొంతెత్తి పద్యము చదివెడివారు. అట్టి గొంతునకును హార్మోనియమునకును బాకా తగిన వాహనము. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్.రెడ్డి నిర్మించిన ‘మల్లీశ్వరి’ (1951) పాటలలో భానుమతి, ఘంటసాల గొంతులను ఇట్లు అమర్చిన బాకాలో వినినచో మాటమాటయు విడివిడిగా తెలియును.

చెవియు, పొరుగిల్లును

బాకా దగ్గరనున్న చెవికి హాని చేయగలదు. 85 డెసిబెళ్ళను రోజునకు 8 గంటలకు మించి వినరాదని నిపుణుల సలహా. అటుపై ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ కాలము సగమగును. 98 డెసిబెళ్ళయినచో 25 నిమిషములు కూడ మించరాదు. పసిపిల్లలను బాకా ఎదుట కూర్చుండబెట్టరాదు. కొలత పరికరము లేనివారికి ఒక సులభమైన గుర్తు: పాట సాగుచుండగా ప్రక్కవానితో గొంతు పెంచక మాటలాడగలిగినచో ధ్వని సరిగా ఉన్నది.

చట్టమును కూడ తెలిసియుండవలెను. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగముగా లౌడ్‌స్పీకరు వాడరాదు. సుప్రీంకోర్టు 2005లో ఈ నియమమును గట్టిగా సమర్థించినది. బాకాను వాకిలివైపు, వీధివైపు త్రిప్పకుండ లోపలిగోడ వైపు ఉంచిన గృహస్థుడు చట్టమును, పొరుగువాని నిద్రను ఒకేసారి గౌరవించినవాడగును. పరీక్షకు వచ్చిన పిల్లలును, రోగులును ప్రక్కయింట ఉందురని మరువరాదు.

పాత ఇనుము బండి వచ్చినప్పుడు బాకాకు వచ్చు వెల రేకు తూకమును బట్టియే. దానిని అమ్ముటకు ముందు ఊరి ఉన్నతపాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయునికి ఒకసారి చూపుట మంచిది. శబ్దవేగము, తరంగము పొడవు, ప్రతిధ్వని అను పాఠములను నల్లబల్లపై గాక చేతితో తాకి, చెవితో విని నేర్చుకొనుటకు ఇంతకంటె చౌకయైన పరికరము దొరకదు. రెండు రెసిస్టర్లు, ఒక కండెన్సరు, ఒక కంబళి: వీనితో విద్యార్థులే దానిని సరిచేయగలరు. అట్లు సరిచేసిన బాకా ఆ పాఠశాల గదిలో మెల్లగా, స్పష్టముగా ఒక పద్యమును వినిపించినచో అది మరికొన్ని ఏండ్లు ఊరికి ఉపయోగపడినట్లే.